రోడ్డుమీది వేగపరిమితులు – లైసెన్సు పరీక్షకు చదువువారికొక పాఠము



కంఠస్థము చేసిన విషయము వేఱు, తెలిసిన విషయము వేఱు అని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. ఆ మాటను నేను అనేక సంవత్సరములుగా తరగతిలో మీకు చెప్పుచు వచ్చితిని. అయినను అది నాకు నిజముగా బోధపడినది తరగతిలో కాదు. మన పాఠశాల యెదుట, రోడ్డుమీద.

గడచిన వేసవి సెలవులకు ముందొకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, నేను మోటారు సైకిలుమీద బజారునకు పోవుచుంటిని. మన గేటునకు కొంత దూరమున 30 అని వ్రాసిన గుండ్రని ఫలకము నిలిచియున్నది. దానిని ప్రతిదినమును చూచుచునే యుందును. లైసెన్సు పరీక్షలో అట్టి ఫలకమునకు అర్థమేమని యడిగినప్పుడు తప్పు లేకుండ జవాబు చెప్పినవాడను. అయినను ఆ సాయంకాలము నా బండి గంటకు 45 కిలోమీటర్ల వేగముతో పోవుచుండెను. చింతచెట్టును దాటుచుండగా ఆఱవ తరగతి బాలిక యొకతె జాఱిపోయిన తన నీళ్ల సీసాకొఱకు రోడ్డు నడుమకు పరుగెత్తినది. బ్రేకు వేసితిని. బండి ఆగునప్పటికి నాకును ఆమెకును నడుమ ఒక బారెడు దూరము మాత్రమే మిగిలెను. ఆమె సీసాను తీసికొని, "నమస్తే సార్" అని చెప్పి వెళ్లిపోయినది. నా చేతులు మాత్రము చాలసేపు వణకుచుండెను.

మఱునాడు పదవ తరగతి బాలురతోఁ గూడ టేపు తీసికొనిపోయి, నేను ఆమెను చూచిన చోటునుండి బండి ఆగిన చోటువఱకు కొలిచితిని. 28 మీటర్లు వచ్చినది. బాలిక నిలిచిన చోటు 30 మీటర్లు. 30 అను సంఖ్య నాకు తెలియును. ఆ సంఖ్య యెవరిని కాపాడుటకు అచ్చట నిలిచియున్నదో ఆ దినమువఱకు తెలియదు. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము. మీలో పెద్దవారు త్వరలోనే లైసెన్సు పరీక్షకు పోవుదురు. సంఖ్యలను నేర్చుకొనుడు, వాని వెనుకనున్న లెక్కనుకూడ నేర్చుకొనుడు.

1. వేగపరిమితి యనగా నేమి?

ఒక రోడ్డుమీద ఒక జాతి బండి ఇంతకు మించి పోరాదని ప్రభుత్వము విధించిన మేరయే వేగపరిమితి. ఇది మోటారుబండ్లంత పాతది. ఇంగ్లండు దేశమున 1865 సంవత్సరపు చట్టము ఆవిరిబండ్లు పల్లె రోడ్లమీద గంటకు 4 మైళ్లకును, ఊళ్లలో 2 మైళ్లకును మించి పోరాదని శాసించి, బండికి ముందొక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెనని కూడ విధించెను. నేడు మనకది నవ్వు పుట్టించును. కాని ఆ జెండా చెప్పిన మాటనే మన గేటుకడ ఫలకము చెప్పుచున్నది: ముందు మనుష్యులున్నారు, జాగ్రత్త.

మన దేశమున నేడు నడచుచున్నది 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. దాని 112వ సెక్షను చొప్పున, విధించిన పరిమితికి మించి బండి నడుపుట మాత్రమే కాక, ఇతరులచేత నడిపించుటయు, నడుపనిచ్చుటయు కూడ తప్పే. "నడుపనిచ్చుట" అను మాటను తల్లిదండ్రులు గుర్తుంచుకొందురు గాక. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

2. నేర్వవలసిన సంఖ్యలు

కేంద్ర ప్రభుత్వము 2018 సంవత్సరము ఏప్రిలు నెలలో వేగపరిమితుల పట్టిక నొకటి ప్రకటించినది. అది మొదట చూచువారికి చిక్కుగా కనబడును. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట బోధనాపద్ధతి గనుక, మనకు నిత్యము కనబడు రోడ్డుతో ఆరంభింతము.

పురపాలక సంఘపు హద్దులలోని రోడ్లమీద కారునకు 70 కిలోమీటర్లు. బస్సునకును, లారీకిని, మోటారు సైకిలునకును 60. మూడు చక్రముల ఆటోకు 50. ఇవి దిగుచున్న మూడు మెట్లు: 70, 60, 50. పట్టణము వెలుపలి సాధారణ రోడ్లమీదను ఇవే మూడు మెట్లు. కావున రెండు రోడ్లకు ఒకే పాఠము చాలును.

నడుమ విభజన కట్టిన నాలుగు వరుసల రహదారిమీద, లేక అంతకంటె వెడల్పైన రహదారిమీద, కారునకు 100, బస్సునకు 90, లారీకి 80. ఇచ్చట మెట్టు పది. మోటారు సైకిలునకు లారీవలెనే 80. ఆటోకు మాత్రము ఎప్పటివలె 50.

ప్రవేశమును కట్టుదిట్టము చేసిన ఎక్స్‌ప్రెస్ మార్గములమీద కారునకు 120, బస్సునకు 100, లారీకి 80. ఇచ్చట మెట్టు ఇరువది. మోటారు సైకిళ్లను రానిచ్చిన మార్గమైనచో వానికి 80. ఆటోలకు ఈ వరుసలో పరిమితియే చెప్పబడలేదు.

ఇందు "కారు" అనగా డ్రైవరు గాక ఎనిమిది మందికి మించి కూర్చుండుటకు చోటు లేని బండి. తొమ్మిది మందికి గాని అంతకు మించి గాని చోటున్నచో అది బస్సు వరుసలో చేరును. పరీక్షలో ప్రశ్నను చూడగానే రెండు మాటలు వెదకుడు: బండి యేది? రోడ్డు యేది? ఈ రెండును తెలిసినచో జవాబు తనంతట వచ్చును. బండిని మాత్రమే చూచి రోడ్డును చూడనివారే తఱచుగా తప్పుదురు.

మన తెలుగు రాష్ట్రములలో శిక్షార్థి లైసెన్సునకు సాధారణముగా కంప్యూటరుమీద 20 ప్రశ్నలిచ్చి, 12 సరియైన జవాబులు చెప్పినవారిని ఉత్తీర్ణులను చేయుదురు. ప్రశ్నలను తెలుగులో చదువుకొనవచ్చును. ప్రభుత్వము పట్టికలను అప్పుడప్పుడు మార్చుచుండును గనుక పరీక్షకు పోవుటకు ముందు రవాణాశాఖ వారి తాజా పట్టికతో సరిచూచుకొనుడు.

3. ఫలకములను చదువుట

పట్టికలో చెప్పిన సంఖ్య ఆ జాతి రోడ్డుకు పై మేర. వంతెన బలహీనమైనను, మలుపు ప్రమాదకరమైనను, పాఠశాలగాని ఆసుపత్రిగాని దగ్గఱనున్నను, ప్రభుత్వము అచ్చటికి తక్కువ పరిమితిని విధించి ఫలకము నాటింపవచ్చును. అట్టిచోట ఫలకము చెప్పినదే చెల్లును. మన గేటుకడ మోటారు సైకిలునకు 60 చెల్లదు, 30 మాత్రమే.

ఫలకముల ఆకారమే వాని భాష. గుండ్రని ఫలకము ఆజ్ఞాపించును. దానిని మీఱుట నేరము. మూడు మూలల ఫలకము హెచ్చరించును. నలుచదరపు ఫలకము దారిని, సౌకర్యములను తెలియజేయును. ఎఱ్ఱని అంచు గల తెల్లని వృత్తములో నల్లని సంఖ్య యున్నచో అది వేగపరిమితి. పుస్తకము పట్టుకొని నడచు పిల్లల బొమ్మతో ఎఱ్ఱని అంచు గల త్రికోణమున్నచో ముందు పాఠశాల యున్నదని అర్థము. ఆ త్రికోణములో సంఖ్య లేకున్నను వేగము తగ్గింపవలసినదే. సంఖ్య లేదు గనుక ఆజ్ఞ లేదనుకొనువాడు ఫలకమును చూచినవాడే కాని చదివినవాడు కాడు.

4. సంఖ్యల వెనుకనున్న లెక్క

ఇప్పుడు పలకలు తీయుడు. గంటకు 36 కిలోమీటర్లు పోవు బండి 3,600 సెకనులలో 36,000 మీటర్లు పోవును; అనగా సెకనుకు 10 మీటర్లు. ఏ వేగమునైనను 5 చే హెచ్చించి 18 చే భాగించినచో సెకనుకు ఎన్ని మీటర్లో తెలియును.

బండి ఆగుటకు పట్టు దూరములో రెండు భాగములున్నవి. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయిగాని కాలుగాని బ్రేకును నొక్కుటకు సుమారొక సెకను పట్టునని యనుకొందము. ఆ సెకనులో బండి యేమాత్రమును తగ్గక పూర్తి వేగముతోనే పోవును. ఇది మొదటి భాగము. బ్రేకు పట్టినప్పటినుండి ఆగువఱకు పోవు దూరము రెండవది. ఎండిన తారురోడ్డుమీద మంచి బ్రేకు ప్రతి సెకనునకును వేగమునుండి సెకనుకు 5 మీటర్లు తీసివేయునని పెట్టుకొందము. అప్పుడు సెకనుకు ఎన్ని మీటర్లో ఆ సంఖ్యను దానిచేతనే హెచ్చించి 10 చే భాగించినచో రెండవ దూరము వచ్చును.

వేగము 36 అయినచో: మొదటి భాగము 10 మీటర్లు, రెండవది 10, మొత్తము 20.
వేగము 54 అయినచో: 15 మీటర్లు, 22.5, మొత్తము 37.5.
వేగము 72 అయినచో: 20 మీటర్లు, 40, మొత్తము 60.
వేగము 108 అయినచో: 30 మీటర్లు, 90, మొత్తము 120.

వేగము 36 నుండి 72 కు రెండింతలైనది. ఆగు దూరమో 20 నుండి 60 కి మూడింతలైనది. వేగము మూడింతలగునప్పటికి దూరము ఆఱింతలైనది. ఏలయనగా మొదటి భాగము వేగముతో సమముగా పెరుగును గాని, రెండవ భాగము వేగపు వర్గముతో పెరుగును. వేగమాపకముమీద ముల్లు కొంచెము జరిగినంత మాత్రమున ప్రమాదమును కొంచెమే జరుగుననుకొనుట ఈ లెక్క తెలియనివారి భ్రమ.

ఈ లెక్కను ఆ సాయంకాలమునకు పెట్టి చూతము. 45 కిలోమీటర్లనగా సెకనుకు 12.5 మీటర్లు. మొదటి భాగము 12.5, రెండవది 15.6, మొత్తము 28. టేపు చెప్పినదియు అదియే. ఫలకము చెప్పినట్లు 30 తో పోయియున్నచో మొత్తము 15 మీటర్లకు కొంచెము మించి పట్టెడిది. బాలికకు ఇంకను 14 మీటర్లకు పైగా దూరముండగనే బండి ఆగెడిది.

60 తో పోయియున్నచో? సెకనుకు 16.7 మీటర్లు. బ్రేకు పట్టునప్పటికే దాదాపు 17 మీటర్లు గడచిపోవును. మిగిలినవి 13 మీటర్లు మాత్రమే. ఆగుటకు దాదాపు 28 కావలెను. బాలికను చేరునప్పటికి బండి వేగమింకను 43 కిలోమీటర్లుండెడిది. ఎత్తునుండి పడు వస్తువును గూర్చి మీరు ప్రకృతి శాస్త్రములో చదివిన సూత్రముతో లెక్కింపుడు: 24 అడుగుల ఎత్తునుండి నేలమీద పడిన వస్తువునకు ఇంచుమించు అంత వేగముండును. మన బడి మేడమీదికి పిల్లలు ఒంటరిగా పోకుండ గొలుసు కట్టి తాళము వేయుచున్నాము. రోడ్డుమీద ఆ పిల్లలకు గొలుసు, తాళము అన్నియు ఆ ఫలకముమీది రెండంకెలే.

ఈ లెక్క కేవలము మన గేటుకు సంబంధించినది కాదు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వారి నివేదిక చొప్పున 2022 సంవత్సరములో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. ఆ మరణములలో నూటికి 71 వంతులు అతివేగము క్రింద లెక్కింపబడినవి. ఈ సంఖ్యలోని ప్రతి యొకటియు ఒక ఇంటిలో ఖాళీయైన యొక పీట.

5. పరిమితి గమ్యము కాదు

కొందఱు 60 అని చూచినచో 60 తో పోవలెననియే తలంతురు. అది తప్పు. పరిమితి పై మేర. అంతవఱకు పోవలెనను ఆజ్ఞ కాదు. రోడ్డు, వెలుతురు, వాన, జనసమ్మర్దము, బండి స్థితి — వీనినిబట్టి తగ్గించుకొనుట నడుపువాని ధర్మము. మనము వేసిన లెక్క ఎండిన రోడ్డునకు. వాన కురిసినప్పుడు బ్రేకు పట్టిన తరువాతి దూరము రెండింతలగుననుకొని నడుపుట క్షేమము. కళ్లము చేయుటకు వడ్లను రోడ్డుమీద ఆరబోసిన చోటను, ఇసుక చల్లిన మలుపునను, చక్రము పట్టు తప్పును. రాత్రివేళ దీపపు వెలుగు ఎంతదూరము పోవునో, ఆ దూరములోపల ఆగగలిగిన వేగమే తగిన వేగము. నిద్రమత్తులో నున్నవానికిని, చేత ఫోను పట్టుకొన్నవానికిని ఒక సెకను చాలదు. రెండవ సెకను పట్టినచో 60 తో పోవువాడు ఊరకయే మఱియొక 17 మీటర్లు పోవును.

ఇంతకును త్వరపడి సంపాదించునదేమి? ఆఱు కిలోమీటర్ల దూరమునుండి బడికి వచ్చువాడు 40 తో వచ్చినచో 9 నిమిషములు పట్టును. 60 తో వచ్చినచో 6 నిమిషములు. లాభము 3 నిమిషములు. ఇల్లు 3 నిమిషములు ముందుగా విడిచినచో ఆ లాభము ఖర్చు లేకుండ దొరకును.

6. తల్లిదండ్రులకొక మనవి

మా గేటుకడ నిలిచి చూచినచో తొమ్మిదవ తరగతి బాలురు తండ్రిగారి బండిమీద వచ్చుట కనబడును. "పిల్లవాడు నేర్చుకొన్నాడు, దూరము నడువనేల" అని కొందఱు తల్లిదండ్రులు ప్రేమతోనే ఇచ్చుచున్నారు. వారు చట్టమును తెలిసికొనుట మంచిది.

పదునెనిమిది సంవత్సరములు నిండనివారు మోటారు బండిని నడుపరాదు. పదునాఱు నిండినవారికి 50 ఘనపు సెంటీమీటర్లకు మించని ఇంజను గల మోటారు సైకిలునకు మాత్రము, లైసెన్సుతో, అనుమతి కలదు. నేడు మన ఇండ్లలోనున్న స్కూటర్లలో చాలవఱకు 100 మొదలు 125 వఱకు ఘనపు సెంటీమీటర్లవి. కావున వానికి ఈ అనుమతి వర్తింపదు.

2019 సంవత్సరపు సవరణ చట్టము 199ఏ అను సెక్షనును చేర్చినది. దాని చొప్పున బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడుగాని బండి యజమానిగాని దోషిగా ఎంచబడును. మూడు సంవత్సరములవఱకు చెఱయు, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదు సంవత్సరములు నిండువఱకు లైసెన్సు దొరకదు. తనకు తెలియకుండ జరిగినదని, లేక తాను తగిన జాగ్రత్త పడితినని రుజువు చేసిన సంరక్షకుడు మాత్రము తప్పించుకొనును.

జుల్మానా భయముచేత మాత్రమే తాళపుచెవిని దాచవలదని నా మనవి. పదునాలుగేండ్ల బాలునికి చేయి పొడవైనది, ధైర్యము పెద్దది. ఒక సెకనులో 17 మీటర్లు పోవునన్న జ్ఞానము మాత్రమింకను రాలేదు. ఆ జ్ఞానము నలుబదియేండ్లు దాటిన నాకే ఆలస్యముగా వచ్చినది.

7. ముగింపు

యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు దారిలో గాయపడి పడియున్న మనుష్యుని కథ మీ రెఱుగుదురు. అతనిని చూచి ప్రక్కగా పోయినవారిని ఎవ్వరును మెచ్చలేదు. ఆగిన సమరయుని పేరు నేటికిని నిలిచియున్నది. మన 2019 సవరణ చట్టమును, రోడ్డుమీద గాయపడినవానికి సదుద్దేశముతో సాయపడువారిని ఆ పేరుతోనే పిలిచి వారికి రక్షణ కల్పించినది. కావున ప్రమాదము చూచినప్పుడు చిక్కులు వచ్చునని వెనుదీయక సాయపడుడు.

అయితే ఆ కథను నేను ఈ సంవత్సరము మఱియొక విధముగా చదివితిని. సమరయుడు ఆగగలిగెను, ఏలయనగా అతడు ఆగుటకు తగిన వేగముతోనే పోవుచుండెను. గాయపడిన తరువాత పొరుగువానికి నూనె పోసి కట్టు కట్టుట గొప్ప ధర్మము. అతడు గాయపడకముందే, అతని పేరైన తెలియకయే, అతనిని కాపాడుట మఱియొక ధర్మము. బండి నడుపువాడు 30 అను ఫలకముకడ చేయి సడలించినప్పుడెల్ల ఆ రెండవ ధర్మమును నెరవేర్చుచున్నాడు. దానిని ఎవ్వరును చూడరు, ఎవ్వరును మెచ్చరు. ఒక బాలిక సీసా తీసికొని ఇంటికి పోవును, అంతియే.

ఆ బాలిక నేడు ఏడవ తరగతిలో చదువుచున్నది. గేటుకడ కనబడినప్పుడెల్ల నమస్తే చెప్పుచున్నది. నేను 30 తో పోవుచున్నాను.

అభ్యాస ప్రశ్నలు

1. పురపాలక సంఘపు హద్దులలో కారు, లారీ, ఆటోల వేగపరిమితులను మెట్లుగా వ్రాయుడు.
2. నాలుగు వరుసల విభజిత రహదారిమీద బస్సునకును మోటారు సైకిలునకును గల పరిమితుల భేదమెంత?
3. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఆగుటకు పట్టు మొత్తము దూరమును పై పద్ధతిచే లెక్కింపుడు. (జవాబు: 87.5 మీటర్లు)
4. అదే బండి తడిరోడ్డుమీద పోవుచున్నచో ఎంత దూరము పట్టును? (జవాబు: 150 మీటర్లు)
5. మీ ఇంటినుండి బడికి వచ్చు దారిలో ఎన్ని వేగపరిమితి ఫలకములున్నవి? వానిని నడచి చూచి, ఒక్కొక్కటి అచ్చట ఎవరికొఱకు నిలిచియున్నదో మీ పుస్తకములో వ్రాసి తెండు.